గుండె దడకు మాత్రలు: మేలెంత, కీడెంత?

(నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యులను ఉద్దేశించిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యులతో మాటలాడు సందర్భము వచ్చినప్పుడెల్ల మంచినీటి వసతి, మురుగు కాలువలు, వీధి దీపములు, పన్నుల వసూలు మొదలగు విషయములనే ప్రస్తావించుట పరిపాటి. నేడు మేము కంటికి కనబడని ఒక బాధను గురించి చెప్పదలచితిమి. అది విడువక వేధించు ఆందోళన. అదియే ఒక్కొక్కప్పుడు ఉన్నట్టుండి విజృంభించి మనిషిని కూలబడవేయు భయపు దాడిగా మారును. ఈ బాధకు మాత్రలున్నవి. వానిని వేసికొనవలెనా, వలదా? వేసికొన్నచో ఏవి వేసికొనవలెను, ఎంతకాలము వేసికొనవలెను?

ఇది వైద్యులు తేల్చవలసిన విషయము గాని పంచాయతీకి సంబంధించినది కాదని మీలో కొందరు అనవచ్చును. నిజమే, మందు వ్రాయువాడు వైద్యుడే. అయినను నడిరాత్రి ఒక ఇంటిలో ఎవరైన గుండె పట్టుకొని కూలబడినప్పుడు ఆ ఇంటివారు మొట్టమొదట తట్టునది మీ తలుపు. ఆ వేళ మీరు చెప్పు మాటను బట్టియే ఆ మనిషి ఆసుపత్రికి పోవుటయో, మంత్రగాని యొద్దకు పోవుటయో, అంగడిలో దొరకిన మాత్రతో సరిపెట్టుకొనుటయో జరుగును. కావున ఈ విషయమున మీకు సరియైన అవగాహన యుండుట అవసరము.

మన రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములు పేర్కొనబడినవి. అందు 23వది ఆరోగ్యము, పారిశుద్ధ్యము. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, ఔషధాలయములు అందులోనివే. ఆరోగ్యమనగా శరీరముతోపాటు మనస్సు యొక్క ఆరోగ్యము కూడ అని మనము గ్రహింపవలెను.

ఒక ఉదాహరణము

ఒక మనిషిని ఊహించుకొందము. ఇది ఏ ఒక్కరి కథయు కాదు. ఇటువంటి వారిని మీరందరును చూచియే యుందురు. నలువది యేండ్ల రైతు నంద్యాలలో ధాన్యము అమ్ముకొని ఆళ్లగడ్డ బస్సు ఎక్కినాడు. సుమారు 40 కిలోమీటర్ల ప్రయాణము. సగము దారిలో అతని గుండె దడదడ కొట్టుకొన్నది. ఊపిరి ఆడలేదు. చేతులు తిమ్మిరి ఎక్కినవి. ఒడలంతయు చెమట పట్టినది. ఆ క్షణమే ప్రాణము పోవునని అతడు నిశ్చయించుకొన్నాడు. తోటివారు అతనిని దింపి ఆసుపత్రికి చేర్చిరి. అచ్చట ఈ.సీ.జీ. తీసి గుండెలో లోపమేమియు లేదనిరి.

లోపము లేదన్న మాట అతనికి ఊరట నీయలేదు. “లోపము లేనిచో నాకీ బాధ ఏల కలిగినది?” అని అతడు దినదినము యోచింపసాగెను. బస్సు ఎక్కుట మానెను. సంతకు పోవుట మానెను. ఒక బంధువు తాయెత్తు కట్టించెను. మరియొకరు సూది మందు వేయించిరి. చివరకు ఎవరో ఒక చిన్న మాత్ర పేరు చెప్పిరి. దానిని వేసికొన్న అరగంటలో మనస్సు చల్లబడినది. అతడు దానిని దేవుడిచ్చిన వరమనుకొన్నాడు. ఒక సంవత్సరము గడచినది. ఇప్పుడు ఒక మాత్రకు నిద్ర పట్టుట లేదు, రెండు కావలెను. మానుదమన్నచో మునుపటి కంటె ఎక్కువ దడ పుట్టుచున్నది.

ఇతనికి మందు అవసరమై యుండవచ్చును. దొరకిన మందు మాత్రము సరియైనది కాదు. ఇట్లుండగా, అదే ఊరిలో మరియొక ఇంట ఒక తల్లికి వైద్యుడు ఆలోచించి సరియైన మందు వ్రాసియిచ్చినను, “అది పిచ్చివాండ్ర మాత్ర” అని ఇరుగుపొరుగువారనగా ఆమె పది దినములకే దానిని పారవేసినది. మానవలసినవారు మ్రింగుచుండుట, మ్రింగవలసినవారు మానివేయుట: ఈ రెండు పొరపాట్లును ఒక్క అజ్ఞానము నుండియే పుట్టుచున్నవి. దానిని తొలగించుటయే మా ప్రసంగోద్దేశము.

భయమనగా నేమి?

భయము శత్రువు కాదు. 2019 సెప్టెంబరులో భారీ వర్షములు కురిసి కుందూ నది పొంగినప్పుడు భయపడి ముందుగా మెట్టకు చేరినవారే క్షేమముగా నుండిరి. అపాయము కనబడగనే మెదడు హెచ్చరిక చేయును, మూత్రపిండములపైనున్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి వదలును, గుండె వేగముగా కొట్టుకొనును, శ్వాస త్వరపడును, కండరములు బిగియును. ఇదంతయు మనిషి పరుగెత్తుటకో, పోరాడుటకో శరీరము చేయు సన్నాహము.

భయపు దాడిలో జరుగునదియు ఇదియే. భేదమేమనగా, అచ్చట వరదయు లేదు, పామును లేదు. నిప్పు లేకయే గంట మ్రోగుచున్నదన్నమాట. శ్వాస మితిమీరి త్వరపడుటచే రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గి వ్రేళ్ళు, పెదవులు తిమ్మిరి ఎక్కును, తల తిరుగును. ఆ తిమ్మిరిని చూచి రోగి మరింత భయపడును. భయము వలన దడ, దడ వలన భయము పెరుగుచుండును.

ఇచ్చట ఒక ముఖ్య విషయము గలదు. ఈ దాడి సాధారణముగా పది నిమిషములలోపల శిఖరమునకు చేరి, తరువాత తనంతట తానే తగ్గిపోవును. కావున ఆ సమయమున ఏది చేసినను అది పనిచేసినట్లే కనబడును. సూది మందుకు ఆ కీర్తి దక్కును, తాయెత్తునకు దక్కును, మాత్రకును దక్కును. మాత్ర కరగి రక్తములో చేరునప్పటికే దాడి తగ్గుముఖము పట్టుట కలదు. అయినను రోగి “మాత్ర బ్రతికించినది” అని నమ్మును. మరునాడు అది జేబులో లేనిదే ఇల్లు కదలడు.

ఒక హెచ్చరిక కూడ చేయుచున్నాము. రొమ్ము నొప్పి, ఆయాసము, చెమటలు గుండెపోటులో కూడ కలుగును. కావున మొదటిసారి వచ్చినప్పుడు “ఇది భయమే, ఏమియు కాదు” అని మీరు తీర్పు చెప్పరాదు. 108కు ఫోను చేసి ఆసుపత్రికి పంపవలెను. రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి దోషము, రక్తములో చక్కెర పడిపోవుట, ఉబ్బసము మొదలగునవి కూడ ఇటువంటి దడను పుట్టింపగలవు. వానిని పరీక్షించిన పిమ్మటనే ఇది ఆందోళన వ్యాధి యని వైద్యుడు నిర్ణయించును.

ఈ బాధ అరుదైనది కాదు. 2019వ సంవత్సరమున ప్రపంచమున సుమారు 30 కోట్ల మంది ఆందోళన వ్యాధులతో బాధపడినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చికిత్స కావలసిన ప్రతి నలుగురిలో సుమారు ఒక్కరికి మాత్రమే అది అందుచున్నదని ఆ సంస్థయే చెప్పుచున్నది. కావున ఈ బాధ కలవాడు పిరికివాడు కాడు, ఒంటరివాడును కాడు.

మాత్రలలో రెండు తెగలు

ఈ బాధకు వాడు మాత్రలను ముఖ్యముగా రెండు తెగలుగా విభజింపవచ్చును.

మొదటి తెగ వెంటనే పనిచేయునది. డయాజిపామ్, ఆల్ప్రజోలామ్, లోరాజిపామ్, క్లోనాజిపామ్ ఈ తెగలోనివి. వీనిలో మొట్టమొదటి మందు 1960లోను, డయాజిపామ్ 1963లోను విపణికి వచ్చినవి. అంతకు పూర్వము వాడుచుండిన నిద్ర మందులు మోతాదు మించినచో ప్రాణము తీయునవి. వానితో పోల్చగా ఇవి నిరపాయకరమని లోకమంతయు సంతోషించినది. వీని చాటునున్న ప్రమాదము కొన్నేండ్లకు గాని బయటపడలేదు. కొద్ది వారములు ప్రతిదినము వేసికొన్నంతనే శరీరము వీనికి అలవాటు పడవచ్చును. పిమ్మట అదే ఫలితమునకు మోతాదు పెంచవలసివచ్చును. ఒక్కసారిగా మానినచో నిద్ర పట్టక, చేతులు వణకి, మునుపటి కంటె తీవ్రమైన దడ కలుగును. ఒక్కొక్కరికి మూర్ఛ కూడ రావచ్చును. రోగి దీనిని చూచి తన జబ్బు తిరుగబెట్టినదని భ్రమపడి మరల మాత్ర వేసికొనును. వృద్ధులు వీనిని వాడినచో మత్తులో పడి ఎముకలు విరుగగొట్టుకొను ప్రమాదము కలదు. ట్రాక్టరు నడుపువారికి, యంత్రములతో పనిచేయువారికి ఇవి అపాయకరములు. సారాయితో కలిసినచో శ్వాసయే ఆగిపోవచ్చును.

ఈ మాట పుస్తకములలోనిది మాత్రమే కాదు. మన పొరుగు తెలుగు రాష్ట్రమగు తెలంగాణలో ఇది బహిరంగముగా రుజువైనది. అచ్చట కొన్ని జిల్లాలలో కల్లులో డయాజిపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలిపి అమ్ముచుండిరి. 2015లో ప్రభుత్వము కల్తీ కల్లును అరికట్టగా, దానిని నిత్యము త్రాగుటకు అలవాటు పడినవారు వందలుగా ఆసుపత్రులకు వచ్చిరి. కొందరికి మూర్ఛలు వచ్చినవి. కొందరు మతి తప్పి ప్రవర్తించిరి. వారు మాత్ర పేరైన ఎరుగరు. తెలియక మ్రింగిన మందు కూడ అంతటి బంధమును వేయగలదని ఆ సంఘటన మనకు నేర్పినది.

రెండవ తెగ మెల్లగా పనిచేయునది. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్, ఫ్లూఆక్సిటిన్ మొదలగునవి ఈ తెగలోనివి. ఇవి మెదడులోని సెరొటోనిన్ అను పదార్థము యొక్క పనితీరును సరిచేయుటకు ఇచ్చునవి. వీని ఫలితము కనబడుటకు రెండు మొదలు ఆరు వారములు పట్టును. మొదటి వారములలో వికారము, తలనొప్పి, నిద్ర చెడుట కలుగవచ్చును. కొందరికి ఆందోళన కొంచెము పెరిగినట్లు కూడ తోచును. దాంపత్య విషయమున కోరిక తగ్గుట మరియొక దోషము. దీనిని గురించి రోగి సిగ్గుపడి చెప్పడు. మందును మాత్రము చెప్పకుండ మానివేయును. ఇరువది యైదేండ్లలోపు వారిలో కొందరికి తొలిదినములలో ప్రాణము తీసికొనవలెనను తలంపులు పుట్టవచ్చును గనుక ఇంటివారు కనిపెట్టియుండవలెను. అయినను ఈ మందులు మత్తు కలిగింపవు; నానాటికి మోతాదు పెంచవలెనను తహతహ పుట్టింపవు. వీనిని కూడ ఒక్కసారిగా మానరాదు; వైద్యుని సలహాతో క్రమక్రమముగా తగ్గింపవలెను.

ఆళ్లగడ్డ శిల్పులను మీరెరుగుదురు. రాతిపై ఒక్క దెబ్బతో విగ్రహము ఏర్పడదు. ఉలి దెబ్బలు వందలు, వేలు పడిన పిమ్మటనే ముఖము కనబడును. తొందరపడి కొట్టిన పెద్ద దెబ్బకు రాయియే పగులును. ఈ మందుల విషయమును అట్టిదే. తక్షణము ఊరట నిచ్చినదే మంచి మందనుకొనుట పొరపాటు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించిన సూచనలు కూడ ఇట్లేయున్నవి. భయపు దాడులు, విడువని ఆందోళన గల పెద్దలకు రెండవ తెగ మందులను ఆలోచింపవచ్చుననియు, మొదటి తెగను చికిత్సగా వాడరాదనియు, తీవ్రమైన ఆపద సమయమున మాత్రము మూడు మొదలు ఏడు దినముల వరకు ఇయ్యవచ్చుననియు ఆ సంస్థ చెప్పినది.

ఈ రెండు తెగలు కాక ప్రొప్రనొలాల్ అను మందు కలదు. అది గుండె దడను, చేతుల వణకును తగ్గించును గాని లోపలి భయమును తీర్చదు. ఉబ్బసము కలవారికి అది ప్రమాదకరము. కావున ఒకరికి మేలు చేసిన మాత్రను మరియొకరికి పంచిపెట్టరాదు.

మందు లేని చికిత్స

మందు లేకుండ నయమగు మార్గము కూడ కలదు. శిక్షణ పొందినవారు రోగితో వారమునకొకసారి కూర్చుండి అతని తలంపులను, భయములను పరిశీలించి, క్రమముగా వానిని ఎదుర్కొను అభ్యాసము చేయింతురు. ఇది ధైర్యము చెప్పుట కాదు. “భయపడకుము” అనుటచే ఎవరి భయమును పోదు. బస్సు ఎక్కుటకు భయపడువానిని మొదట బస్సు నిలుచు చోటికి తీసికొనిపోదురు. మరునాడు ఎక్కించి తరువాతి ఊరిలో దింపుదురు. పిమ్మట మరికొంత దూరము పోనిత్తురు. దడ పుట్టినను తాను చావలేదని అతడు స్వానుభవముతో తెలిసికొనును. ఈ చికిత్స మందులతో సమానముగా పనిచేయుననియు, ఆపిన పిమ్మట దీని ఫలము ఎక్కువ కాలము నిలుచుననియు పరిశోధనల వలన తెలిసినది. దినమును కొంత సేపు నడచుట, కాఫీ, టీలు తగ్గించుట, సారాయి మానుట, ఊపిరిని మెల్లగా విడుచుట అలవరచుకొనుట కూడ తోడ్పడును.

అట్లయినచో మందులెందులకు? అని మీరు అడుగవచ్చును. ఇచ్చటనే త్రాసును నిజాయితీతో పట్టుకొనవలెను. అటువంటి శిక్షణ పొందినవారు ప్రతి ఊరిలోను దొరకరు. వారము వారము కూలి పోగొట్టుకొని పట్టణమునకు పోవుట పేదవానికి సాధ్యము కాదు. పైగా బాధ తీవ్రమైనప్పుడు రోగికి అభ్యాసము చేయు ఓపికయే యుండదు. మునిగిపోవుచున్నవానికి ఒడ్డున నిలిచి ఈత నేర్పలేము. మొదట పట్టుకొనుటకు ఏదో ఒక ఆధారము అందింపవలెను. మందు అట్టి ఆధారము. అది దొరకిన పిమ్మట ఈత నేర్చుకొనవచ్చును.

కావున తూకము ఇట్లుండును. బాధ స్వల్పమై పనిపాటులు సాగుచున్నచో మందు అక్కరలేదు. అభ్యాసము, తోడ్పాటు, కనిపెట్టియుండుట చాలును. బాధ వలన నిద్ర, తిండి, పని, ప్రయాణము చెడినచో, నెలల తరబడి విడువనిచో, మందును తిరస్కరించుట వివేకము కాదు. ఒక తట్టలో మందు వలని దోషములను ఉంచినప్పుడు, రెండవ తట్టలో మందు లేకుండ గడచు దినముల నష్టమును కూడ ఉంచవలెను. సంతకు పోలేని రైతు, పొలము వెళ్ళలేని కూలి, బిడ్డను బడికి దింపలేని తల్లి పోగొట్టుకొనునది తక్కువ కాదు. గర్భవతులు, పాలిచ్చు తల్లులు మాత్రము వైద్యునితో ప్రత్యేకముగా మాటలాడి నిర్ణయించుకొనవలెను. తమంతట తాము మొదలుపెట్టరాదు, మానరాదు.

“ఒకసారి మొదలిడినచో జీవితాంతము వేసికొనవలెనా?” అని అనేకులు భయపడుదురు. అట్టి నియమమేమియు లేదు. బాధ తగ్గిన పిమ్మట ఇంచుమించు ఆరు నెలలు మొదలు ఒక సంవత్సరము వరకు వాడి, తరువాత కొద్ది కొద్దిగా తగ్గించి ఆపుట పద్ధతి. కొందరికి బాధ తిరిగి రావచ్చును. అప్పుడు మరల చికిత్స చేయవచ్చును. కొద్దిగా నయమనిపించగనే మానివేయుట మాత్రము పైరు పొట్టకు వచ్చినప్పుడు నీరు కట్టివేయుట వంటిది.

మొదటి తెగ మాత్రను ఇదివరకే చాలకాలముగా వేసికొనుచున్నవారిని “రేపటినుండి మానుము” అని గద్దింపవలదు. అది ప్రాణాపాయము. వారిని వైద్యుని యొద్దకు పంపవలెను. అతడు వారములు, నెలలు పట్టి మెల్లగా తగ్గించును.

పంచాయతీ చేయదగిన పని

ఇక మీరు చేయదగిన పనులను చెప్పుదుము.

మొదటిది, దారి చూపుట. నంద్యాల 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లా కేంద్రమైనది. 2023లో అచ్చట ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. వైద్య కళాశాలకు అనుబంధమగు ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము ఉండవలెనని నియమము. కావున పూర్వము వలె ప్రతి దానికిని కర్నూలుకో, హైదరాబాదుకో పోవలసిన పని లేదు. ఇల్లు కదలలేనివారు టెలీ మానస్ అను ప్రభుత్వ సేవను పొందవచ్చును. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఈ సేవకు 14416 అను నెంబరుకు ఫోను చేసినచో ఖర్చు లేకుండ తెలుగులోనే మాటలాడవచ్చును. ఈ నెంబరును పంచాయతీ కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయించుడు. దానికి తీర్మానము కూడ అక్కరలేదు.

రెండవది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును అడుగుట. మన పొరుగుననున్న బళ్ళారి జిల్లాలో 1985లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థవారు ఒక ప్రయోగము ఆరంభించిరి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకును, సిబ్బందికిని శిక్షణ యిచ్చి మానసిక వ్యాధులకు అచ్చటనే చికిత్స చేయవచ్చునని అది చూపినది. 1996లో దేశమున ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు ఆ ప్రయోగమే మాదిరి. కావున మీ కేంద్రమున ఈ వ్యాధికి ఏ మందులున్నవి, మానసిక వైద్యుడు ఏ దినమున వచ్చును అని గ్రామసభలో అడుగుట మీ హక్కు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రభుత్వ వైద్యశాలలలో మానసిక చికిత్స పొందు హక్కును ప్రతివ్యక్తికిని ఇచ్చినది.

మూడవది, మందుల అంగడిని గమనించుట. ఆల్ప్రజోలామ్, డయాజిపామ్ వంటి మందులు 2014 మార్చి నుండి హెచ్-1 అను ప్రత్యేక షెడ్యూలులో చేరినవి. వైద్యుని చీటీ లేనిదే వానిని అమ్మరాదు. అమ్మినప్పుడు వైద్యుని పేరు, రోగి పేరు, మందు పరిమాణము ప్రత్యేకమగు రిజిస్టరులో వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను. ఆ రిజిస్టరు తనిఖీ చేయు అధికారము పంచాయతీకి లేదు. అది ఔషధ తనిఖీ అధికారిది. అయినను చీటీ లేకుండ అమ్మకము సాగుచున్నచో ఆయనకు తెలియజేయుట పౌరధర్మము. అంగడివానితో తగవు పెట్టుకొనుట కంటె, “చీటీ లేనిదే ఈ మాత్ర అడుగరాదు” అని ఊరివారికి నచ్చజెప్పుట మేలు.

నాల్గవది, గుట్టు కాపాడుట. ఒకరు మీకు తమ బాధ చెప్పుకొన్నచో అది రచ్చబండ మీది మాట కారాదు. వైద్యులు రోగి రహస్యమును కాపాడవలెనని చట్టమే చెప్పుచున్నది. పెద్దమనుష్యులమగు మనకు ఆ మర్యాద ఇంకను ఎక్కువ వర్తించును. పెండ్లి కావలసిన పిల్ల మందు వేసికొనుచున్నదని ఊరంతయు ప్రాకినచో ఆమె రేపు మందు మానివేయును. ఆ పాపము నోరు జారినవారిది.

అయిదవది, ప్రాణము మీదికి వచ్చు మాటలను అశ్రద్ధ చేయకుండుట. “నేను బ్రతికి లాభము లేదు” అని ఎవరైన అన్నచో వారిని ఒంటరిగా వదలవలదు. ఇంటిలోని పురుగుల మందును వేరొకచోటికి చేర్పించుడు. మాత్రలను ఇంటివారి చేతిలో ఉంచుడు. వెంటనే వైద్యసహాయము కోరుడు.

ఇక దైవభక్తి విషయము. అహోబిలమునకో, మహానందికో పోయి మ్రొక్కుకొనిన మనస్సునకు శాంతి కలుగునని నమ్మువారిని మేము వారింపము. మ్రొక్కునకును మందునకును విరోధము లేదు. మంత్రగాని మాట విని మందు మాన్పించుట, రోగిని కట్టివేయుట, కొట్టుట మాత్రము కూడని పనులు. రోగిని సంకెళ్ళతో బంధించుటను 2017 చట్టము నిషేధించినది.

తుదకు మనము ఊహించుకొన్న రైతు యొద్దకు మరల పోదము. అతని ఇంటివారు మీ తలుపు తట్టిరనుకొనుడు. “ఏమియు లేదు, ధైర్యముగా నుండుము” అని పంపివేయవలదు. “ఫలానా మాత్ర వేసికొనుము” అనియు చెప్పవలదు. “నీ బాధ నిజమైనదే. దీనికి చికిత్స కలదు. ఏ మందు, ఎంతకాలము అన్నది వైద్యుని అడుగుదము. వేసికొనుటయో మానుటయో నీవే నిర్ణయించుకొనుము; నీవుగా ఆపవలదు, నీవుగా పెంచవలదు. రేపు నంద్యాలకు నేనును నీతో వత్తును” అనుడు. బస్సులో అతని ప్రక్కన కూర్చుండుడు. దారిలో దడ పుట్టినచో చేయి పట్టుకొని, ఊపిరిని మెల్లగా విడువుమని చెప్పుడు. పది నిమిషములలో అది తగ్గుముఖము పట్టును. చీటీ వ్రాయువాడు వైద్యుడు. అతని యొద్దకు చేర్చు ఆ తోడు మాత్రము పంచాయతీ సభ్యులు ఇయ్యగలిగినది. దానికి గ్రాంటు అక్కరలేదు, అంచనాలు అక్కరలేదు.